వీధి దీపానికి అయిదు నకళ్ళు

ఆ ఉత్తరానికి ఒళ్ళు చిన్నది, తోక పెద్దది. ఒంట్లో ఉన్నవి నాలుగే ముక్కలు: మా సందులో దీపం లేదు, తెల్లారగట్ల పనికి పోయే ఆడవాళ్ళు కాలవలో పడుతున్నారు, ఒక స్తంభం పాతించి దీపం పెట్టించండి, ఇట్లు తమ విధేయుడు. తోకలో మాత్రం అయిదుగురు. 'ఎస్.కె.' అని రెండక్షరాలు కొట్టి, వాటి కింద ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో పదవి. ఎస్.కె. అంటే మలయ్‌లో సాలినాన్ కెపాద, అంటే నకలు ఫలానా వారికి అని. అది 1978 మొదట్లో సంగతి. నాకప్పుడు పదకొండేళ్ళు. మా మలేసియా సర్కారుకి ఎన్ని అంతస్తులున్నాయో నాకు మొదట తెలిసింది ఆ తోకని బట్టే.

ఉత్తరం కొట్టింది ఒక తమిళ పెద్దాయన. క్లాంగ్‌లో సర్కారు ఆఫీసులకి దగ్గర్లో, దుకాణాల ముందుండే వరండాలో ఆయన బల్ల ఉండేది. ఆ వరండాని కాకి లిమా అంటారు, అయిదడుగులు అని అర్థం. ఎండా వానా తగలకుండా ఒక కొట్టు ముందునుంచి ఇంకో కొట్టు ముందుకి నడిచిపోవచ్చు. ఆయన సామానంతా ఒక టైపు మిషను, కార్బను కాగితాలు దాచుకునే బిస్కెట్ల డబ్బా, వేలిముద్రలకి ఊదారంగు సిరా. పుట్టిన పత్రం పోయినవాళ్ళు, లైసెన్సు కావలసినవాళ్ళు, ఇండియాలో తల్లి పోయిందని తంతి వచ్చినవాళ్ళు ఆయన ముందు వరసగా కూచునేవారు. ఆయన ఎవరి గోడూ చివరిదాకా వినేవాడు కాదు. రెండు మాటలు చెవిన పడగానే చెయ్యెత్తి ఆపి, ఇది జిల్లా ఆఫీసు, ఇది మండలి, ఇది ఫెడరల్ కాబట్టి ఇక్కడ తేలదు అని చెప్పేసేవాడు, నాడి పట్టుకుని రోగం చెప్పే నాటు వైద్యుడిలాగ.

మా తాత దీపం అనగానే ఆయన వెంటనే ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది చిక్కు కేసు" అన్నాడు తమిళంలో.

చిక్కేమిటంటే, మా సందు నేల రాష్ట్రానిది. మలేసియాలో భూమి సంగతులన్నీ రాష్ట్రం చేతిలో ఉంటాయి. ఆ నేలమీద స్తంభం పాతాలంటే జిల్లా అధికారి ఆఫీసుకి తెలియాలి. స్తంభమూ తీగా కరెంటూ జాతీయ విద్యుత్ సంస్థవి, మేమంతా ఎల్లెలెన్ అనేవాళ్ళం, అది ఫెడరల్. దీపం వెలిగాక నెలనెలా బిల్లు కట్టేది పట్టణ మండలి. గుప్పెడంత బల్బుకి మూడు సర్కార్లు! మరి శాసనసభ్యుడెందుకు, పార్లమెంటు సభ్యుడెందుకు అని తాత అడిగితే, వాళ్ళు దీపం పెట్టరు, పెట్టేవాళ్ళకి గుర్తుచేస్తారు అన్నాడు పెద్దాయన. ఆ తర్వాత రాజ్యాంగం పుస్తకాలు కొన్ని చదివాను గానీ, ఇంత పొట్టిగా, ఇంత సరిగ్గా చెప్పినవాళ్ళు తగల్లేదు.

ఏడు కాగితాలు తీసి, మధ్యమధ్య ఆరు కార్బన్లు పేర్చి మిషన్లోకి దూర్చాడు. ఒకటి అసలుది, అయిదు నకళ్ళు, ఏడోది మాకు. ఏడో కాగితం దాకా అక్షరం దిగాలంటే వేలి బలం చాలదు, భుజంతో కొట్టాలి. దెబ్బ దెబ్బకీ బల్లమీద టీ గ్లాసు వణికింది. చివరికి మా చేతికొచ్చిన ఏడో కాగితంలో అక్షరాలు కంటికి ఆనవు, వేలితో తడిమితే తగుల్తాయి.

దీపం అడగడానికి మా అయ్య రాకుండా తాత ఎందుకొచ్చాడంటే, అయ్య మండలి కూలీ. మండలి జీతం తింటూ మండలికే అర్జీ పెట్టుకుంటే బాగోదని ఆయన భయం. అర్జీలో ఆయన పేరు రాకూడదు. తాతకి ఆ ఇబ్బంది లేదు. ఆయన అప్పటికే పనిలోంచి దిగిపోయాడు. పైగా మునసబు దగ్గర్నుంచి రాజుగారి దాకా ఎవర్నైనా అడగడం ఆయనకి అలవాటు.

మేముండేది మండలి పనివాళ్ళ లైన్లలో. పొడుగాటి రేకుల కొట్టం, ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క గుమ్మం, ముందు ఇంత వసారా, వెనక లోంగ్‌కాంగ్. లోంగ్‌కాంగ్ అంటే కాలవ. ఆ మాటకి మా ఇళ్ళలో తెలుగు మాట వాడినవాళ్ళు లేరు. శ్రీకాకుళంలో లేనిది ఇక్కడ ఉంది కాబట్టి ఇక్కడి పేరే పెట్టుకున్నారు. తెల్లారగట్ల పెరట్టుకి, అంటే హాజరు పట్టీకి, ఆడా మగా చీపుళ్ళూ చంగ్కోళ్ళూ, అంటే పారలూ, పట్టుకుని ఆ కాలవ గట్టునే నడిచిపోవాలి. ఓ రోజు మా పెద్దమ్మ అందులో పడి మోకాలు చీల్చుకుంది. పడ్డందుకు కాదు గానీ, చీకట్లో లేవలేక 'ఓలమ్మో' అని అరిస్తే దెయ్యమనుకుని జనం తలుపులు బిగించుకున్నారని ఆవిడకి కోపం. ఆ కోపమే తాతని బల్ల దాకా నడిపించింది.

మా నాయనమ్మ మండలి అనేది కాదు, మలయ్‌లో మజ్లిస్ అనేది కాదు, 'బోర్డు' అనేది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో శానిటరీ బోర్డు, తర్వాత టౌన్ బోర్డు, ఆ తర్వాత టౌన్ కౌన్సిలు. 1977 జనవరి 1న ఊరినీ, చుట్టుపక్కల చిన్న చిన్న మండళ్ళనీ కలిపేసి మజ్లిస్ పెర్బందారన్ క్లాంగ్ అన్నారు. అయ్య చొక్కామీద కొత్త అక్షరాలు వచ్చాయి, ఎమ్, పీ, కే. తాత ఆ పెర్బందారన్ అనే మాట విని ఉలిక్కిపడ్డాడు. "బందరంటన్నారేటి? మన బందరేనా?" అన్నాడు. మలయ్‌లో బందర్ అంటే పట్టణం. మన మచిలీపట్నం బందరూ ఆ ఓడరేవు మాటే, పారసీ నుంచి అటూ ఇటూ పాకింది. అంతే, ఆ రోజునుంచి మా ఇంట్లో మండలి పేరు బందరాఫీసు. నాయనమ్మకి మాత్రం బోర్డే. బోర్డోళ్ళొచ్చారా, బోర్డు జీతం పడిందా, బోర్డు కుక్కల బండి తిరుగుతోంది కుక్కని లోపల కట్టండర్రా. ఇలా.

మాటలు పట్టుకుని సర్కారుని అర్థం చేసుకోవడం తాతకి ఒక ఆట. రాష్ట్రాన్ని నెగరి అంటారు, అది మన నగరి. ముఖ్యమంత్రిని మెంత్రి బెసార్ అంటారు. మెంత్రి మంత్రే, బెసార్ అంటే పెద్ద, కాబట్టి పెద్ద మంత్రి, విజయనగరం రాజుగారికి దివాను లాంటివాడు. జిల్లా అధికారి కలెక్టరు. ఊరికి పైన, జిల్లాకి కింద ముకిం అనేది ఒకటుంటుంది; దానికి పెంగులు. మునసబూ కరణమూ కలిపి ఒకడైతే వాడే పెంగులు. ఇవన్నీ నాకు వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పేవాడు. ఒక్క మాట దగ్గర మాత్రం ఘోరంగా పప్పులో కాలేశాడు. ఎన్నికైన సభ్యుణ్ణి వాకిల్ రక్యాత్ అంటారు. తాత దాన్ని 'వకీలు రైతు' అని విని, రైతులకి వాదించే ప్లీడరనుకున్నాడు. మనకి తోటే లేదు, భూమే లేదు, ప్లీడరుకి నకలెందుకు అని పెద్దాయనతో పేచీ పెట్టుకున్నాడు. ఆ పెద్దాయన నవ్వి, రక్యాత్ అంటే రైతు కాదు ప్రజ, వాకిల్ అంటే వాళ్ళ తరఫువాడు అని చెప్పాడు. చాలా ఏళ్ళ తర్వాత నిఘంటువు తిరగేస్తే మా తాత మరీ తప్పు కాడని తేలింది. మన వకీలూ వాళ్ళ వాకిలూ ఒకటే, మన రైతూ వాళ్ళ రక్యాతూ ఒకటే. అరబ్బీ నుంచి రెండు దారుల్లో వచ్చి మా తాత చెవిలో కలుసుకున్నాయి.

ఇంతకీ ఆ వకీళ్ళలో ఎవరికీ మా తాత ఓటు లేదు. ఆయనది ఎర్ర ఐసీ.

ఐసీ అంటే గుర్తింపు కార్డు. పౌరుడికి నీలం, ఇక్కడే స్థిరపడ్డా పౌరుడు కానివాడికి ఎరుపు. తాత చిన్నతనంలో కంగాణీ, అంటే కూలీలని పోగుచేసే మేస్త్రీ, వెంట మద్రాసు దగ్గర ఆవడి డిపోకి వచ్చి, అక్కణ్ణించి ఓడెక్కి పినాంగులో దిగాడు. 1938లో ఇండియా సర్కారు కూలీల వలస ఆపేయకముందు మాట. రబ్బరు తోటలో కొన్నాళ్ళు, జపానువాడి ఏలుబడిలో కొన్నాళ్ళు, యుద్ధమయ్యాక క్లాంగ్ టౌన్ బోర్డులో. అక్కడేం పని చేశాడో మాకు చాలా కాలం చెప్పలేదు. 'రాత్రి బండి' అనేవారు. పాయిఖానా బకెట్లు మోసే పని అని పెద్దయ్యాక తెలిసింది. ఊరు లేచేలోపు ఊరి మలినమంతా తీసేసి, ఊరు లేచేసరికి నిద్రపోయే పని. స్వాతంత్ర్యమొచ్చినప్పుడు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టమన్నారు, మలయ్‌లో రెండు ప్రశ్నలు అడుగుతామన్నారు. తాత పగలు నిద్రపోయేవాడు, వెళ్ళలేదు. 1969 తర్వాత ఎర్ర కార్డువాళ్ళకి పని పర్మిట్ ఉండాలన్నప్పుడు తోటల్లోంచి, పట్టణాల్లోంచి వేలకి వేలు ఇండియా ఓడలెక్కారు. మా లైన్లలోనే రెండు గుమ్మాలు ఖాళీ అయ్యాయి. తాతకి ఎలాగో పర్మిట్ దొరికింది గానీ, ఆ ఏడాది ఇంట్లో పెట్టె సర్దే ఉంచారని అమ్మ చెప్పేది.

బల్ల దగ్గర పెద్దాయన ఐసీ అడిగి, ఎర్ర రంగు చూసి, ఒక క్షణం మిషను మీంచి చేతులు తీసేశాడు. నీలం కార్డుండే వాళ్ళెవరి పేరైనా రాద్దామా, ఓటున్న పేరైతే సభ్యులు కాస్త చూస్తారు అన్నాడు. తాత ఊదారంగు సిరాలో బొటనవేలు ముంచేశాడు అప్పటికే. "ఈదిలో పడ్డది మా కోడలు. అడుగుతున్నది నేను" అన్నాడు.

అసలు ఉత్తరం ఎవరికంటే మండలికి అధ్యక్షుడు, యాంగ్ దిపర్తువా. ఆ పేరు పలకడం నాకొక పరీక్షయింది. ఆయన ఎన్నికైనవాడు కాడు, రాష్ట్రం వేసిన అధికారి. ఆయన కింద మండలి సభ్యులు. చట్టం ప్రకారం ఎనిమిదికి తగ్గకూడదు, ఇరవై నలుగురికి మించకూడదు. వాళ్ళనీ రాష్ట్రమే వేస్తుంది. ఎవరూ ఓటు వెయ్యరు. ఇక్కడే మా తాతకి ఓ తమాషా దొరికింది. నీలం కార్డు పక్కింటి చీనా టౌకేకీ, అంటే కొట్టు యజమానికీ, ఎర్ర కార్డు తనకీ, బందరాఫీసు దగ్గర హక్కు సమానం, ఇద్దరికీ సున్నా. ఆ మాట చెప్పుకుని వారం రోజులు నవ్వాడు.

ఒకప్పుడు అలా కాదని టౌకే చెప్పేవాడు. మలయాలో 1951 డిసెంబరులో పినాంగు జార్జ్ టౌన్‌లో మొదలుపెట్టి ఊళ్ళలో మండళ్ళకి ఎన్నికలు జరిగేవి. అభ్యర్థులు కొట్టుకి వచ్చి కాఫీ తాగి, కప్పు కడిగిపెట్టినంత పనిచేసి వెళ్ళేవారట. 1965లో ఇండోనేసియాతో గొడవ నడుస్తున్న రోజుల్లో ఆ ఎన్నికల్ని నిలిపేశారు. అదే ఏడాది సెనేటర్ అతి నహప్పన్ పెద్దగా ఒక కమిషన్ వేశారు. ఆయన మన మలయా భారతీయుడు. ఊరి ఎన్నికలు తిరిగి పెట్టాల్సిందేనని 1968లో ఆ కమిషన్ నివేదిక ఇచ్చింది. గొడవ తీరింది, ఎన్నికలు మాత్రం తిరిగి రాలేదు. 1976 స్థానిక ప్రభుత్వ చట్టం వాటికి పూర్తిగా తలుపు మూసేసింది. నా లెక్కలో ఇది మామూలు లోపం కాదు. చెత్తకీ కాలవకీ దీపానికీ సంబంధించిన సర్కారే మనిషి గుమ్మానికి దగ్గరగా ఉండేది. దాన్ని ఓటుకి అందకుండా పెట్టి, దూరంగా ఉండే రెండు సర్కార్లకి ఓటిచ్చారు.

1995లో శ్రీకాకుళం వైపు మా చుట్టాల ఊరు వెళ్ళాను. పంచాయతీ ఎన్నికల రోజులు. గోడలనిండా గుర్తులు, చుట్టాలు రెండు జట్లుగా చీలి ఒకే అరుగుమీద మాట్లాడుకోకుండా కూచున్నారు. మా దేశంలో సర్పంచి ఎన్నికే లేదని చెబితే నమ్మలేదు. అంత రోడ్లున్న దేశంలోనా అన్నారు. ఆ ఊరికి అప్పట్లో రోడ్డు లేదు, సర్పంచికి మాత్రం ఇద్దరు పోటీ. రెండిట్లో ఏది మేలో అడిగితే నేనేం చెప్పలేకపోయాను.

నకళ్ళ సంగతికొస్తాను. తాతకి పోస్టు మీద నమ్మకం లేదు. అయిదూ చేతికే ఇవ్వాలన్నాడు. మలయ్ మాట్లాడడానికి నేను. బడిలో తమిళం, ఆఫీసుల్లో మలయ్, ఇంట్లో తెలుగు. ఆదివారం సాయంత్రం భజన మందిరంలో పలకమీద అ ఆ లు. నాకు నాలుగు భాషలొచ్చని తాత అందరికీ చెప్పేవాడు, నాలుగోది ఏమిటో ఇప్పటికీ తెలీదు.

జిల్లా ఆఫీసు, ఎల్లెలెన్ ఒకే పూటలో అయిపోయాయి. ముద్ర గుద్దించుకుని ఏడో కాగితం వెనక తారీకు వేయించుకోవడం నాకొక పండగ. శాసనసభ్యుడి నకలు, పార్లమెంటు సభ్యుడి నకలు రెండూ తెలిసినవాళ్ళ ద్వారా పంపాం. పార్లమెంటులో మా వైపు మనిషి టాన్ శ్రీ మాణిక్కవాసగం. 1959లో క్లాంగ్ నుంచి గెలిచి, 1974 నుంచి పోర్టు క్లాంగ్ సభ్యుడు, కేంద్రంలో మంత్రి, ఎమ్మైసీకి, అంటే మలేసియా భారతీయుల కాంగ్రెస్‌కి, అధ్యక్షుడు. అప్పుడు పార్లమెంటులో 154 మంది ఉండేవారు, ఇప్పుడు 222. మా రాష్ట్రం సెలంగోర్ శాసనసభ కూడా పెరిగి పెరిగి 56 అయింది. మనుషులు పెరిగారు కాబట్టి వకీళ్ళూ పెరిగారు. మాణిక్కవాసగం 1979లో పోయినప్పుడు మా లైన్లలో రేడియోలు కట్టేశారు.

నాలుగో అంకె దగ్గర ఆగాం. మెంత్రి బెసార్ ఎక్కడుంటాడు? టీచరేమో మన క్లాంగే రాజధాని అని చెప్పింది. 1974 ఫిబ్రవరి 1న కౌలాలంపూర్‌ని సెలంగోర్ నుంచి విడదీసి ఫెడరల్ భూభాగం చేశారు. ఆ కాగితం మీద సంతకం పెడుతూ సుల్తాన్ సలాహుద్దీన్ కంటనీరు పెట్టుకున్నారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు; తర్వాత ఫెడరల్ హైవే మీద ఆ సరిహద్దు దగ్గర పెద్ద ద్వారం కట్టారు. అలా పోయిన రాజధాని మా ఊరికి వచ్చింది. 1880లో కౌలాలంపూర్‌కి తరలిపోకముందు ఎలాగూ మాదే. నేను కొన్నాళ్ళు వీధుల్లో రాజధాని కోసం వెతికాను. అవే వంతెనలు, అవే ఎడ్లబళ్ళు, నదికి ఇవతల అదే రైలు స్టేషను. నది మీద వంతెనకి రెండంతస్తులుండేవి, పైన బళ్ళు, కింద నడిచేవాళ్ళూ సైకిళ్ళూ. రాజధాని అంటే ఈ కింది అంతస్తులో ఉంటుందా అని కూడా అనుకున్నాను. 1978 డిసెంబరు 7న షా ఆలం రాజధాని అయింది. వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు. పెద్దమంత్రి హొర్మాత్ రఫై. ఆయనకి ముందు హారున్ ఇద్రిస్, 1975లో మహమ్మద్ అలీని కౌలాలంపూర్‌కి రప్పించి బగ్నర్‌తో కుస్తీ, అదే బాక్సింగ్, ఆడించడంలో ముందున్నవాడు, తర్వాత ఏడాదికే పదవి పోయింది. మెంత్రి బెసార్‌ని జనం ఎన్నుకోరు. శాసనసభలో మెజారిటీ ఎవరికుందో చూసి సుల్తాన్ నియమిస్తాడు. ఆ నకలు చివరికి పోస్టులోనే వేశాం. తాత ఎర్ర డబ్బా లోపలికి చెయ్యిపెట్టి, కాగితం కింద పడిందో లేదో తడిమి మరీ చూశాడు.

జవాబులొచ్చాయి. మూడు. ఎర్రని ముద్ర, అడుగున ఒకే రకం వాక్యం: తమరి ఉత్తరం అందినది, తగు చర్య నిమిత్తం పంపడమైనది. పంపడం ఎవరికంటే మా తోకలో ఉన్నవాళ్ళకే. తాత వాటిని దేవుడి పటం వెనక పెట్టాడు.

జులై 8న ఎన్నికలు. మా లైన్ల ముందునుంచి లారీలు తిరిగాయి, పాలకపక్షం తక్కెడ గుర్తు ఒకటి, ప్రతిపక్షం రాకెట్ ఇంకొకటి. పిల్లలకి కాగితం జెండాలు దొరికాయి. అయ్యకి నీలం కార్డు కాబట్టి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి రెండు ఓట్లు వేసొచ్చాడు, ఒకటి పార్లమెంటుకి, ఒకటి శాసనసభకి. నల్లసిరా లేదు, ఏమీ లేదు. వేలు చూపించమని అడిగితే చూపించడానికి ఏమీ లేదని నవ్వాడు. తాత ఆ రోజంతా వసారాలో కూచుని, పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ లెక్కపెట్టాడు. దీపం గురించి ఎవరికి గుర్తుచేశారని ప్రతివాణ్ణీ అడిగాడు.

దీపం ఆగస్టులో వచ్చింది. బడినుంచి వచ్చేసరికి ఎల్లెలెన్ లారీ సందు మొగలో ఉంది. నల్లగా తారు పూసిన కర్ర స్తంభం, పైన వంచిన గొట్టం, దానికొక పళ్ళెం లాంటి మూత. రాత్రి ఏడున్నరకి అది ముందు రెండుసార్లు కన్నుకొట్టి తర్వాత వెలిగింది. సందంతా పాల రంగు. చెప్పులు ఎవరివో గుర్తుపట్టొచ్చు, కాలవలో ఎలకలు కూడా కనబడ్డాయి. మా పెద్దమ్మ వెళ్ళి తను పడ్డ చోటు చూసి, ఇంత చిన్నదా ఈ కాలవ అని ఆశ్చర్యపోయింది.

ఎవరు పెట్టించారన్న దానిమీద ఆ రాత్రే లైన్లు చీలిపోయాయి. తక్కెడ పార్టీ మామయ్య మా సభ్యుడే అన్నాడు. రాకెట్ మామయ్య ఎన్నికల భయం అన్నాడు. అయ్య మాత్రం బందరాఫీసులో ఒక గుమాస్తా ఆ ఫైలుని చేత్తో పట్టుకుని తిరిగాడని విన్నానన్నాడు. టైపు పెద్దాయన్ని అడిగితే తడుముకోకుండా, "నా ఎస్.కె." అన్నాడు. తాత ఎవరి మాటా ఒప్పుకోలేదు. ఆయన లెక్క వేరు. మార్చి 8 సుల్తాన్ పుట్టినరోజు. ఆ రోజు ఊరంతా తోరణాలు కట్టి, రంగు రంగు దీపాలు వేసేవారు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించేవాడు. ఇన్ని దీపాలున్న రాజుగారికి ఒక దీపం ఇవ్వడం ఎంత పని, ఆయన చెవిన పడే ఉంటుంది అన్నాడు. సుల్తాన్ రాజ్యానికి పెద్దే గానీ పాలన మంత్రులది అని నేను బడి పాఠం అప్పజెప్పాను. తాత విన్నాడు, తలూపాడు, నమ్మలేదు.

ఆ లైన్లు ఇప్పుడు లేవు. అక్కడ నాలుగంతస్తుల ఇళ్ళున్నాయి, దీపాలు తెల్లటి ఎల్‌ఈడీలు. మేం వెళ్ళిన ఆఫీసుల వైపు 1909లో హబ్బక్ అనే వాస్తుశిల్పి గీసి కట్టించిన సుల్తాన్ సులేమాన్ భవనం 2007 నుంచి రాజుగారి గ్యాలరీ. నా మొదటి రెండు ఓట్లు 1990లో వేశాను. మూడోది ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పినాంగువాళ్ళు 2012లో తమ ఊళ్ళకి ఎన్నికలు తిరిగి పెట్టుకుంటామని చట్టం చేసుకున్నారు, 2014లో దేశపు పై కోర్టు అది కుదరదంది. 2024 ఫిబ్రవరి 5న మా క్లాంగ్ నగరమైంది. పేరు మజ్లిస్ బందరాయ దిరాజా క్లాంగ్, అయ్య ఉంటే చొక్కామీద అక్షరాలకి ఇంకొకటి కలిసేది. నగరానికి మేయరుని దాతు బందర్ అంటారు. మలయ్‌లో దాతు అంటే బిరుదూ ఉంది, తాత అనీ ఉంది. మలయ్ పిల్లలు మా తాతని అలాగే పిలిచేవారు. మొదటి దాతు బందర్‌గా ఒక స్త్రీ, నొరైని రొస్లాన్, కూచుంది. బందరు తాత ఆడమనిషా అని మా తాత ఉంటే ఓ నెల నవ్వుకునేవాడు.

దీపం వచ్చిన వారానికి తాత మళ్ళీ నన్ను బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. థాంక్స్ ఉత్తరం కొట్టాలన్నాడు. ఎవరికి అన్నాడు పెద్దాయన. అందరికీ అన్నాడు తాత. థాంక్స్‌కి ఎస్.కె. ఉండదు తాతా అని పెద్దాయన ఎంత చెప్పినా వినలేదు. అవే అయిదు పదవులు, అవే ఏడు కాగితాలు. కింద ఆరో అంకె వేయమని పట్టుబట్టాడు, రాజుగారికి. దానికి మాత్రం పెద్దాయన మిషను మీంచి లేచి నిలబడ్డాడు. సుల్తాన్‌కి నకలు పంపడం మర్యాద కాదు, ఆయనకి రాసే భాషే వేరు, ఆ మాటలూ ఆ వరసా తప్పితే అపచారం అన్నాడు. తాత సరే అన్నాడు. ఆ సరే నాకు తెలుసు.

దారిలో ఇంటివైపు తిరక్కుండా ఇస్తానా ఆలం షా వైపు నడిచాడు. పచ్చటి గడ్డి, ఎత్తుమీద కోట, మూసిన గేటు, పక్కన కాపలావాళ్ళు. మేం రోడ్డుకి ఇవతలే నిలబడ్డాం. తాత తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. మడిచిన ఏడో కాగితం నా చేతికిచ్చాడు.

"సదువు."

మసకగా ఒక్క అక్షరమూ కనబడలేదు గానీ, కొడుతుంటే చూశాను కాబట్టి నాకు కంఠతా వచ్చు. గేటు వైపు తిరిగి మలయ్‌లో నాలుగు ముక్కలూ చదివాను, తోకతో సహా. ఒక కాపలా అతను మావైపు చూశాడు, ఏమీ అనలేదు. మధ్యలో లారీ ఒకటి పోయింది.

తాత చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఓ క్షణం గేటు వంక చూశాడు.

"బండి అడ్డొచ్చిందొలే. ఇంకోపాలి సదువు, కూసింత గట్టిగా."